మన ఆకుపచ్చ సైకిలు

చిరంజీవి డేగకు అమ్మ దీవెనలు.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలినొప్పి తగ్గింది. నా కుట్టుమిషను పక్కన మాత్రం కుట్టవలసిన బట్టలు కొండలా పెరిగాయి. నువ్వక్కడ వేళకు తింటున్నావని తలుస్తాను.

రైలు డ్రైవరు ఉద్యోగానికి అన్నీ నెగ్గి, చివర్లో రంగుల పరీక్ష తప్పావని నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. అప్పటినుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. సాయంత్రం కాగానే సైకిలు తీసి బయలుదేరుతున్నాను. మొన్న ఇటుక బట్టీల దాకా, నిన్న రైలు గేటు దాకా వెళ్లొచ్చాను.

"కాలుగాలిన పిల్లిలా ఎంతకాలం తిరుగుతావే? కూర్చుని వాడికి రాయి," అన్నారు మీ నాన్న.

"రాస్తాలెండి, గాలి పీల్చుకుని వస్తా."

"మనింట్లో గాలికేం కరువొచ్చింది?"

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. సైకిలు బ్రేకులు మార్పించాను. దానికి మళ్లీ అదే ఆకుపచ్చ రంగు వేయించమన్నావు, ఆ సంగతి చివర్లో చెబుతాను. నీకు ఎవరో ఇచ్చిన చుక్కల మందు పేరు ఇక్కడి మందుల షాపాయన ఎప్పుడూ వినలేదట. చదివి చదివి కళ్లు పాడయ్యాయని, ఆ మందుతో బాగుపడితే మళ్లీ పరీక్షకు వెళ్తానని, రైల్వేవాళ్లు బదులుగా ఇస్తామన్న వర్క్‌షాపు ఉద్యోగం వద్దని చెప్పేస్తానని రాశావు. నెలాఖరే గడువన్నావు. ఇంకా పన్నెండు రోజులుంది. నాకు నిద్ర పట్టడం లేదు.

నిన్న గేటు దగ్గర సైకిలాపి, కళ్లు సగం మూసి సిగ్నల్ వంక చూశాను. నీకెలా కనిపిస్తుందో తెలుసుకుందామని. ఎంతసేపు చూసినా ఎరుపు ఎరుపుగానే ఉంది. నా కళ్లు కూడా నా మాట వినడం లేదు. గేటు మనిషి దగ్గరికొచ్చి, "ఏమ్మా, కంట్లో నలక పడిందా?" అన్నాడు. "పడి ఇరవై ఏళ్లయింది బాబూ," అన్నాను. అతను నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగి వస్తుంటే నీ మిడతలు గుర్తొచ్చాయి. క్యారియర్ మీద కూర్చుని, గడ్డిలో గడ్డిరంగు మిడతను నువ్వు ఇట్టే చూపించేవాడివి. ముక్కు కింద ఉన్నా మాకు కనిపించేది కాదు. అందుకే కదా మీ నాన్న నీకు డేగ అని పేరు పెట్టారు! మేం రంగు చూసి మోసపోయేవాళ్లం, నువ్వు ఆకారం చూసేవాడివి. ఆ కళ్లను లోపమని ఎవరో కాగితం మీద రాసిస్తే నాకు ఒళ్లు మండుతోంది.

"మనవాళ్లలో ఇది ఎవరికైనా ఉందా?" అని అడిగావు. ఆ ప్రశ్న దగ్గరికొచ్చి రెండుసార్లు కాగితం చింపేశాను. ఉంది. మీ తాతయ్యకు, మా నాన్నకు. సంచినిండా పచ్చి టమాటాలు తెచ్చి పండ్లేనని వాదించేవాడు. నా ద్వారా నీకొచ్చింది. పుట్టుకతోనే వచ్చింది, మందులతో పోదు. నీ ఆరో ఏటనే నాకు తెలిసిపోయింది.

నీ రంగు పెన్సిళ్లకు బ్లేడుతో గాట్లు పెట్టింది అప్పుడు నీకు చెప్పినట్టు దొంగల భయంతో కాదురా. ఒక గాటు ఎరుపు, రెండు గాట్లు ఆకుపచ్చ, మూడైతే గోధుమరంగు. "ఆకులకు రెండు గాట్లది, ఇటుకలకు ఒక గాటుది," అని ఆటలా నేర్పాను. నీ చొక్కాల కాలరు లోపల దారం ముడులు కూడా అందుకే. బడిలో పిల్లలు ఏడిపిస్తారని భయపడ్డాను. పెద్దయ్యాక చెబుదామనుకున్నాను, పెద్దయ్యాక మొహం చెల్లలేదు. మీ నాన్న చెప్పేద్దామంటే నేనే చెప్పనివ్వలేదు. రైలు నడుపుతానని నువ్వు ఎగిరి గంతేసిన రోజున కూడా నోరు మెదపలేదు. నిన్ను కాపాడుతున్నాననుకుని నట్టేట ముంచాను.

ఆ చుక్కలు పారబొయ్యి. వర్క్‌షాపు సంగతి బాగా ఆలోచించుకో. కోపమొస్తే ఉత్తరంలో కాదు, వచ్చి నా ఎదుటే తిట్టు.

ఇక సైకిలు సంగతి. కొన్న రోజున దాన్ని చూసి, "అమ్మా, ఆకుపచ్చ బండి!" అని చప్పట్లు కొట్టావు. నేను అవునన్నాను. తర్వాత మీ నాన్న చేత, పక్కింటివాళ్ల చేత, సైకిలు షాపు తాత చేత కూడా అలాగే అనిపించాను. అది ఏనాడూ ఆకుపచ్చది కాదు నాన్నా. ఇవాళ రంగుల షాపులో సైకిలు చూపించి, సరిగ్గా ఆ రంగే కొన్నాను. డబ్బా నీ మంచం కింద పెట్టాను. మూత మీద ఒకటే గాటు పెట్టాను.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న
అమ్మ