నల్లదారమున్న చెయ్యి

అరేయ్ రాజేశం,

నువ్వు తెలంగాణ కోసం పానం ఇడిచి ఇయ్యాల్టికి ఏడాది. కోరుట్లల నీకు సంస్మరణ సభ వెట్టిన్రు. అండ్ల తెర మీద ఏసిన వీడియో నేనే చేసిన, పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే మన కంప్యూటర్ల. థూ, నా బతుకు.

రాస్తారోకో నాడు నువ్వు ముందటుండి పిడికిలెత్తినవ్ గదా, గా షాట్ మీద తన ఫోటో ఎయ్యుమన్నడు సభ వెట్టిచ్చిన లీడర్. గా దినం ఆయన హైదరాబాద్‌ల ఉన్నడు. పెండ్లిపిల్ల ఎనుక తాజ్‌మహల్ వెట్టినట్టు, ఆయన ఎనుక మన జనాన్ని వెట్టిన. పై లేయర్ల ఆయన, కింది లేయర్ల నువ్వు. నీ మొఖం మొత్తం మూసుకపోయింది. పిడికిలొక్కటే ఆయన భుజం మీదికెళ్లి పైకచ్చింది. తీసేస్తనంటే, "వద్దు తమ్మీ, నేనే చెయ్యెత్తినట్టు అవుపడ్తంది, ఉండనీ" అని పండ్లికిలిచ్చిండు. బయటికి వోయి ఉమ్మేసి అచ్చిన. అయినా ఉంచిన. నా దుకాణం ఆయన కిరాయికిచ్చిన మడిగెలనే ఉన్నదాయె.

సభల అందరు చప్పట్లు కొట్టిన్రు. మీ అమ్మ కొట్టలేదు. తెర కాడికి వోయి, గా చేతికున్న నల్లదారం సూపిచ్చింది.

"ఇది నేను కట్టిందే," అన్నది. "మరి మొఖమేది కొడుకా?" అని నన్నడిగింది.