పాట ఏదమ్మా?

వయొలిన్ అక్కకు,

ఊరు మారాక ఇక్కడి సంగీత పాఠశాలలో చేరాను. తలుపు వేస్తే పక్క గది వాయిద్యం కూడా వినిపించదు. మొదటిరోజే మాస్టారు, "నీకు బాగా వచ్చినదేదైనా వాయించమ్మా" అన్నారు. పాత బడిలో మనిద్దరం కలిసి వాయించేదే వాయించాను.

ఆయన కాసేపు విని, "శ్రుతి బాగానే ఉంది. మరి ఇందులో పాట ఏదమ్మా?" అని అడిగారు.

"పాట మా అక్క వాయిస్తుందండీ. నేను దానికి తోడుగా కింది స్వరాలు వాయిస్తాను."

ఆయన నవ్వలేదు. "ఇక్కడ అక్క లేదుగా" అని నన్ను చిన్నపిల్లల తరగతిలో వేశారు.

నీ పక్కన కూర్చున్నన్నాళ్లూ నాకు పాటంతా వచ్చనుకున్నాను అక్కా. ఇంట్లో ఇప్పటికీ కింది స్వరాలే వాయిస్తూ, నువ్వు అందుకునే చోట ఆగిపోతున్నాను.

జవాబు రాయి. నీ పక్కన నా కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో మాత్రం రాయకు.

నీ చెల్లి