కొండ మీద సెలవు రోజు

శుక్రవారం, రాత్రి

ఈ దేశానికి ఇంటిపనికొచ్చాక మొదటిసారి, మేడం పిల్లలు వెంట లేకుండా ఒక్కదాన్నే జబల్ అఖ్దర్ కొండకి వెళ్లాను. కొత్త చుడీదార్ కూడా వేసుకున్నాను. పైన లోయ చూసే చోట ఒకటే జనం. ఎవరిదో పాప అంచు వైపు పోతుంటే, "అట్టా పోవద్దమ్మా!" అని అరిచి ఎత్తుకున్నాను.

వాళ్లమ్మ నవ్వింది. "తెలుగువాళ్లా అక్కా? ఒక్క నిమిషం ఎత్తుకోండి, ఫోటోలు దిగొస్తాం."

నిమిషం కాస్తా చాలాసేపయింది. పాప నా భుజం మీదే నిద్రపోయింది. ఆమె తిరిగొచ్చి, "ఎవరింట్లో చేస్తున్నారక్కా?" అంది.

నేను పని సంగతే ఎత్తలేదు. ఎలా తెలిసింది? నా మొహం చూసి కనిపెట్టిందా, పాపను ఎత్తుకున్న తీరు చూసా? కోపం రావాలి కదా, రాలేదు; పాపను ఇచ్చేయడానికే మనసొప్పలేదు.

ఇందాక చెల్లెలు ఫోన్ చేసి, "లోయ ఎట్టా ఉందక్కా?" అంది. పాప మొహాన ఎండ పడకుండా అంతసేపూ లోయకి వీపు తిప్పి నిలబడ్డానని అప్పుడు గుర్తొచ్చింది.