పేలని దువ్వెన

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. క్షేమమంటే, ఇంతవరకూ ఎవరమూ పేలలేదు, ఇల్లు కూడా నిలబడే ఉంది. ఈ సంగతి నువ్వు పనిచేసే పెద్దకొట్టు వాళ్ళకి కాస్త చేరవెయ్యి. మా దువ్వెనల వల్ల లోకానికి ఏం ముంచుకొస్తుందోనని బెంగపెట్టుకున్నారు కదా పాపం, కుదుటపడతారు.

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్లో అయితే నేను తిట్టడం మొదలుపెడతాను, నువ్వు సిగ్నల్ లేదంటావు. నువ్వు కూడా ఈసారి ఉత్తరం రాసింది అందుకే కదా. కాగితం మీదైతే చివరిదాకా మాట్లాడుకోవచ్చు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నీ మేనకోడలు బాగానే చదువుతోంది. ముందు పన్ను ఊడింది, నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. వెనకగది కిటికీకి కొత్త అద్దం వేయించాం. మీ బావ భుజం నొప్పి తగ్గింది. తగ్గకేం చేస్తుంది, ఆయన రంపం పట్టి నెల దాటింది. ఇక దుకాణం మళ్ళీ తెరుచుకుందా అని అడిగావు. ఆ రోజు ఫోన్లో చెబుతుంటే సగంలో నువ్వు మాట్లాడ్డం మానేశావు, కాబట్టి మొదట్నుంచీ చెబుతాను.

పేల దువ్వెన కోయడం ఎంత పనో నీకు తెలుసు. పళ్ళ సందులో వెంట్రుక దూరాలి, పేను దూరకూడదు, ఈపి అసలే తప్పించుకోకూడదు. మీ బావ చెక్కముక్క బిగించి ఒక్కో పన్నూ కోస్తుంటే, ఆ గదిలో నేను తుమ్మడానికి కూడా భయపడేదాన్ని. ఆ దువ్వెనకి, ఫోన్లోనే సరుకులమ్మే మీ పెద్దకొట్టులో పేజీ పెట్టినప్పుడు కింద రాసే నాలుగు ముక్కలూ నేనే రాశాను. “స్కూలు పిల్లల తలల్లో పేలు. క్లాసులో ఒక్కరితో మొదలైతే అందరికీ. మా దువ్వెన ఉంటే ఒక్క పూటలో పని పూర్తి.” రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ముక్కలు చదివే జనం కొన్నారు. పిల్ల గోక్కోకుండా హాయిగా నిద్రపోయిందని తల్లులు తిరిగి రాసేవాళ్ళు.

ఒకరోజు పొద్దున పేజీ తెరిస్తే దుకాణం లేదు. దాని చోట ఎర్ర అక్షరాలు. పిల్లలకు హాని కలిగించే పేలుడు వస్తువులు అమ్ముతున్నందువల్ల మీ దుకాణాన్ని శాశ్వతంగా తొలగించామట. మీ బావ అది చదివి, బల్ల మీదున్న దువ్వెన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే చూశాడురా. చెక్క సరిగ్గా ఎండలేదా, నేను పట్టించిన నూనె మంట అంటుకునే రకమా అని నన్నడిగాడు. అంత పెద్దవాళ్ళు ఊరికే అంటారా అని ఆయన నమ్మకం.

టీ మరిగేలోపు నాకు విషయం తట్టింది. పేలు అంటే వాళ్ళ యంత్రానికి పేలడం. ఇప్పుడు ఆ అర్థంతో నేను రాసింది మళ్ళీ చదివి చూడు. స్కూలు పిల్లలు, తలలు, క్లాసులో ఒక్కరితో మొదలు, ఒక్క పూటలో పని పూర్తి. నాకే వెన్ను జలదరించింది. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది, ఇంకా మండుతూనే ఉంది.

భూగోళం మొత్తానికి సరుకులమ్మే ఘనులకి తలలో పేలంటే తెలియదు. వాళ్ళ తలల్లో పేలు పడవు కాబోలు. పట్టుకోవడానికి లోపల ఏమైనా ఉండాలి కదా.

సరే, తప్పు జరిగింది, చెబితే దిద్దుకుంటారనుకున్నాను. చెప్పడానికి అక్కడ “నేస్తం” అని ఒక గొట్టం పెట్టారు. మనిషి కాదు, మాట్లాడే పెట్టె. పేలంటే పురుగులమ్మా అని రాస్తే “మీ బాధ నాకు అర్థమైంది” అంటుంది. అర్థమైతే తెరవమ్మా అంటే “మీ ఓపికకు ధన్యవాదాలు” అంటుంది. నాకు ఓపిక ఉందని దానికెవరు చెప్పారో. దానితో తగువులాడి తగువులాడి, కూర ఎన్నిసార్లు మాడబెట్టానో మీ బావనడుగు.

చివరికి ఒక మనిషి లైన్లోకి వచ్చాడు. తుమ్మాడు కాబట్టి మనిషని తెలిసింది. పేలంటే ఏమిటో చెప్పి, మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా బాబూ అని అడిగాను.

“ఉన్నారండీ. మా పాప తలలో కూడా ఉన్నాయి. మీరు చెప్పేది నాకు అర్థమైంది.”

“మరి తెరవండి.”

“నాకు అర్థమైందని నొక్కడానికి ఇక్కడ బటనేదీ లేదండీ.”

గొంతు తగ్గించి, ఆ దువ్వెన ఇంకెక్కడైనా దొరుకుతుందా అని అడిగాడు. అడ్రసు చెప్పు నాయనా, ఊరికే పంపిస్తానన్నాను. అడ్రసు చెప్పకూడదట, కాల్ రికార్డవుతోందట. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కూతురి తల గురించి కూడా సొంతంగా మాట్లాడుకోనివ్వని ఆ కొలువుని చూస్తేనే అసహ్యం వేసింది.

తర్వాత నా పేరుతో ఇంకో దుకాణం తెరిచాను. ఈసారి తెలివిగా పేలు అనే మాట తీసేసి “తలలో పురుగులు” అని రాశాను. పురుగుల మందు అమ్మడానికి లైసెన్సు చూపించమన్నారు. దువ్వెనకి మందేమిట్రా అని నేను తల బాదుకుంటుంటే, పాత అడ్రసే అని కనిపెట్టి దాన్నీ మూసేశారు. దువ్వెనకీ బాంబుకీ తేడా తెలియదు గానీ, మా వీధి మాత్రం బాగా గుర్తుంది వాళ్ళకి.

పెద్దకొట్టు కాకపోతే ఇంకో కొట్టు అంటావేమో. మూలమీది ఫ్యాన్సీ స్టోరావిడ దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు మన దువ్వెనలు ఆవిడ గల్లాపెట్టె పక్కనే వేలాడేవి. పెద్దకొట్టులో చేరినప్పుడు, తమకన్నా తక్కువ ధరకి బయట ఎవరికీ ఇవ్వకూడదని వాళ్ళు షరతు పెడితే, ఆవిడకి ఇవ్వడం ఆపేసింది మనమే. ఆవిడ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అప్పుడు మేము గుర్తు రాలేదు కదమ్మా అంది. తప్పేముంది, ఆవిడన్నది నిజమే. అయినా ఇప్పుడెవరూ కొట్టుకొచ్చి దువ్వెన అడగడం లేదట, అన్నీ ఫోన్లోనే తెప్పించుకుంటున్నారట. ఆవిడ కూడా వచ్చే నెల కొట్టు ఖాళీ చేస్తోంది.

ఇప్పుడు మీ బావ సంగతి. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను, కంగారుపడకు. ఆయన పెద్దకొట్టు గోదాములో పెట్టెలు సర్దే పనికి చేరాడు. పొద్దున ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు జేబుల్లో పెట్టుకుంటున్నాడు. మొన్న ఆయన చేతిలోకి ఏ పెట్టె వచ్చిందో తెలుసా? పేల దువ్వెనలు. పెద్దకొట్టు వాళ్ళ సొంత సరుకు, ప్లాస్టిక్‌ది. ఒకటి ఇంటికి కొనితెచ్చాడు. వంపు మనదే, పిడి మనదే, పళ్ళు మాత్రం ఎడం ఎడంగా ఉన్నాయి. పేలు కుటుంబాలతో సహా షికారు చేసి రావచ్చు. ఆ దువ్వెనలు మాత్రం పేలవు కాబోలు. మీ బావ దాన్ని కాసేపు చూసి, చెక్కని పట్టే బిగింపూ రంపమూ కొనుక్కుంటానన్న వడ్రంగికి ఫోన్ చేసి, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళమన్నాడు.

ఇంతవరకూ రాసి ఉత్తరం మడిచేశాను. మళ్ళీ విప్పాను. అసలు మాట రాయకుండా పంపితే నాకు నిద్రపట్టదు.

నీ ఉత్తరంలో అన్నీ అడిగావు. కిటికీ అద్దం గురించి కూడా అడిగావు. ఒక్కటి మాత్రం అడగలేదు. ఏ మాట వల్ల దుకాణం పోయిందని ఒక్కసారీ అడగలేదు. ఫోన్లో నేను ఆ మాట అనగానే నీ గొంతు ఆగిపోయింది. ఎందుకో నాకప్పుడే తెలుసురా.

నువ్వు క్రితంసారి వచ్చినప్పుడు, నేను గిన్నెలు తోముతుంటే నువ్వు తుడుస్తూ నీ పని గురించి చెప్పావు. యంత్రానికి మన భాష నేర్పుతున్నానన్నావు. తెర మీద ఒక్కో మాటా వస్తుంది, ప్రమాదమో కాదో నొక్కాలి, ఒక్కోదానికి రెప్పపాటే టైము, ఆలోచిస్తే వెనకబడిపోతాం అన్నావు. “ఇవాళ పేలు వచ్చిందక్కా, చూడకుండానే ప్రమాదం నొక్కేశా” అన్నావు. శభాష్ అన్నాను నేను. నవ్వాను కూడా.

ఈ సంగతి మీ బావకి చెప్పలేదు. నీ మీద ఆయనకి మనసు విరుగుతుందని భయపడి, నోరు కుట్టేసుకున్నాను. నిన్న సాయంత్రం ఆయనే, రంపానికి నూనె రాసి గుడ్డలో చుడుతూ, “వాడికి రాస్తున్నావా?” అన్నాడు. అవునన్నాను.

“పేలు గురించి వాడికి రాయకు. తప్పు నొక్కానని ఒప్పుకుంటే ఉద్యోగం తీసేస్తారట కదా. వాడి పని పోతే మన దుకాణం తెరుచుకుంటుందా?”

ఆయనకెలా తెలుసని అడిగాను. గిన్నెలు తోమిన రోజు పక్కగదిలో గరుకు కాగితంతో దువ్వెన నున్న చేస్తున్నాడట. ఎర్ర అక్షరాలు చూసిన మూడోరోజుకే గుర్తొచ్చిందట. నాకు తెలిస్తే నిన్ను తిడతానని చెప్పలేదట. నెలరోజులుగా ఒకే ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరం నిన్ను దాచుకుంటున్నాం.

రాయొద్దని ఆయనన్నాడు, నేను రాస్తున్నాను. నిన్ను తిట్టడానికి కాదు. మేడమెట్ల మీద నిన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, నీ తలలో పేలు తీసినదాన్ని నేను. ఆ మాటకి అర్థం నీకంటే బాగా తెలిసినవాడు మీ ఆఫీసు మొత్తంలో ఉండడు. నీకు తెలియక కాదు, తెలుసుకునేంత టైము వాళ్ళివ్వలేదు. ఇంత సంపాదించుకున్నవాళ్ళు ఒక మాటకి రెప్పపాటు మించి ఇవ్వలేకపోయారు. వాళ్ళంత దరిద్రుల్ని నేనెక్కడా చూడలేదు.

మీ మేనేజరు దగ్గరికెళ్ళి ఏం చెబుతావో, చెప్పవో, అది నీ ఇష్టం. నేనడిగేది ఒక్కటే. ఆదివారంలోపు మీ బావకి ఫోన్ చెయ్యి. క్షమాపణలూ అవీ వద్దు, ఆయనకి ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ నాకిచ్చేస్తాడు. రంపం అమ్మొద్దు బావా, నాకో దువ్వెన కావాలి అని చెప్పు. నేను చెబితే వినలేదు. నువ్వు చెబితే వింటాడు.

ఈ ఉత్తరం రెప్పపాటులో చదివి నొక్కేసేది కాదు. కూర్చుని, తీరిగ్గా, రెండుసార్లు చదువు.

ఇట్లు,
నీ తలలో పేలు తీసిన
అక్క