కానుగలు కొట్టేసిన బడి

తెనాలి,
21-6-2003

నాన్నా,

నమస్కారం అని రాయబోతే చెయ్యి రావడం లేదు. సెలవుల తర్వాత కర్లపాలెం బడి గేటు తీయగానే ఇంకెక్కడికో వచ్చాననుకున్నాను. రేకుల షెడ్డు ముందు పిల్లలూ నేనూ పెంచిన కానుగలు, నేరేళ్లు, గోడ వెంట తంగేడు పొదలు, ఒక్కటీ లేదు. మొదళ్లు మిగిలాయంతే. అవి పెరిగాకే ఆ షెడ్డులో మధ్యాహ్నం పాఠం చెప్పగలిగాను. కిటికీ పక్క కొమ్మలో పికిలిపిట్ట గూడు కడితే, ఎగిరిపోతుందని పిల్లలు గుసగుసగా మాట్లాడుకునేవారు.

"ఎవరు కొట్టేశారు కొండమ్మా?" అని ఆయాను పట్టుకుని ఊపేశాను. నా మొహం చూడలేక, "మీ నాన్నగారేనమ్మా. బడి కమిటీ పెద్ద కదా, దగ్గరుండి కొట్టించారు" అంది. నవ్వాను నాన్నా, నమ్మలేక.

జీవితమంతా బడిపంతులుగా చేసిన మీరా? నాకొక్క మాట చెప్పకుండానా? ఆ రోజే పాపను తీసుకుని మా వదినగారింటికి వచ్చేశాను. రేపల్లెకు బదిలీ అడిగాను. ఇక మీ గడప తొక్కలేను.

సుగుణ

కర్లపాలెం,
28-6-2003

అమ్మా సుగుణా,

నువ్వూ పాపా చల్లగా ఉండాలి. నీ తమ్ముడు బాబి జ్వరంతో పోలేదమ్మా. పాము కరిచి పోయాడు. నేను పనిచేసే పిట్టలవానిపాలెం బడిలోనే, పొదలో పడ్డ బంతి కోసం చెయ్యి పెట్టాడు. నిజం తెలిస్తే నువ్వు బడికి వెళ్లనంటావని, మీ అమ్మా నేనూ జ్వరమని చెప్పాం. మొన్న ఏప్రిల్లో మీ బడిలో మన పాప సీతాకోకచిలుక కోసం తంగేడు పొదలోకి చెయ్యి దూర్చింది. నాకు పాప కనపడలేదు, బాబి కనపడ్డాడు. పొదలతో ఆగలేకపోయాను.

నీ ఉత్తరం చదివి బడికి వెళ్లాను. షెడ్డు కొలిమిలా ఉంది. నా కళ్లముందే రూతు అనే ఆరో తరగతి పిల్ల బెంచీ మీంచి జారి పడిపోయింది. ఎత్తుకుని బయటికి పరుగెత్తాను. పడుకోబెడదామంటే ఆవరణంతా ఎండే. నా కండువానే నీడగా పట్టుకుని కూర్చున్నాను. తేరుకున్నాక ఆ పిల్ల, "టీచరుగారు ఎప్పుడొస్తారండీ?" అంది.

నిన్న కమిటీలో మాట్లాడాను. వానలు పడగానే మళ్లీ నాటుదాం. చెట్లు గదుల దగ్గర, పొదలు పిల్లలు ఆడని వెనకగోడ పక్కన. ఇది నువ్వు ఒప్పుకోవాలి. నా భయం పోలేదు, పోదు కూడా. గుంతలు తవ్వించాను. ఏది ఎక్కడ పెట్టాలో వచ్చి చెప్పు. పాప మొక్క పెట్టేటప్పుడు మాత్రం నన్ను పక్కన నిలబడనివ్వు.

మీ నాన్న,
వెంకట్రామయ్య