లారీ డ్రైవరూ, దర్జీ అక్కా, నా లెక్కల క్లాసూ

జనవరి 6

ఆన్‌లైన్ క్లాసు ఒప్పుకున్నాను. చిన్నప్పుడే బడి మానేసిన పెద్దవాళ్ళకి పదో తరగతి లెక్కలు. ఇరవై రెండు మంది. ఏప్రిల్‌లో పరీక్ష.

ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డవాణ్ణి. కుర్చీలో కూర్చుంటే నాకు మాట పెగలదు. కెమెరా పెట్టి చెప్పి చూశాను. మాటిమాటికీ బొమ్మలోంచి మాయమైపోతున్నారు, అలా తిరక్కండి అంది మా ఆవిడ. తిరగకపోతే నాకు లెక్క రాదు.

జనవరి 14

ఏ ఇద్దరూ ఒకలా లేరు. ఒకావిడ ఆసుపత్రిలో ఆయా, డ్యూటీ మధ్యలో మెట్ల మీద కూర్చుని చేరుతుంది. లారీ డ్రైవరు బండి పక్కకి ఆపుకుని వింటాడు. అతనికి సిగ్నల్ అంతంతమాత్రం. బొమ్మ రాదు, నోటితోనే చెప్పండి సార్ అంటాడు.

ఇంకొకావిడ దర్జీ. అందరూ దర్జీ అక్క అంటారు. హోంవర్కు చూస్తే కళ్ళకద్దుకోవాలి. క్లాసులో అడిగితే మాత్రం దిక్కులు చూస్తుంది. అంతుపట్టడం లేదు.

జనవరి 23

నోరు జారాను.

దర్జీ అక్కని నాలుగుసార్లు పిలిచాను. తెర మీద కనిపిస్తూనే ఉంది, నోట్సులోకి తల దించుకుని. పలకదు. తలెత్తాక కెమెరా ముందుకి వంగి అడిగాను, అసలు వింటున్నావా అమ్మా, లేక మొహం ఇక్కడ పెట్టి కుట్టుపని చేసుకుంటున్నావా అని. ఎవరో నవ్వారు. ఆమె నవ్విన మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత ఆమె గడి నల్లబడింది.

జనవరి 24

రాలేదు.

జనవరి 31

రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాను. ఎత్తదు. మెసేజ్ రాశాను, చెరిపేశాను. క్షమించమని అక్షరాల్లో పెట్టడానికి అహం అడ్డొచ్చింది.

ఇంకో వారం రాకపోతే పరీక్ష జాబితాలోంచి పేరు తీసేస్తామన్నాడు కోఆర్డినేటరు. ఆమె ఫారం తీసి చదివాను. పాసైతే కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరు ఉద్యోగం వస్తుందట. గదిలో ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

ఫిబ్రవరి 2, మధ్యాహ్నం

అడ్రసు పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. చిన్న గది, రెండు మిషన్లు, గోడకి గుచ్చిన కొలతల కాగితాలు. వీపు నా వైపు. అమ్మా అన్నాను. దర్జీ అక్కా అన్నాను. మిషన్ మోతకి వినపడలేదనుకున్నాను. మిషన్ ఆగింది. ఆమె దారం తెంపుకుంది. ఈసారి గట్టిగానే పిలిచాను. తిరగలేదు. నా నీడ గుడ్డ మీద పడ్డాక ఉలిక్కిపడి లేచింది.

అప్పటికిగానీ నా బుర్రకెక్కలేదు.

నా పెదాల వైపే చూస్తూ మాట్లాడింది. పదేళ్ళుగా వినికిడి తగ్గిపోతోందట. ఎదురుగా ఉంటే పెదాల్ని బట్టి పోల్చుకుంటా, మీరేమో నిలవరు, తెరలో మీ మొహం నా గోరంత ఉంటుంది సార్ అంది. చెప్పలేదేం అన్నాను. కొలతలు సరిగ్గా విన్నానో లేదో అని జనం అనుమానపడితే ఈ కొట్టు ఎవరెక్కుతారు, మీరూ ఎవరికీ చెప్పకండి అంది. మాటిచ్చాను.

క్షమించమన్నాను. అందలేదు సార్, ఇంకోసారి మెల్లగా అనండి అంది.

రెండోసారి అనడం చాలా కష్టం. అన్నాను.

అదే రోజు, సాయంత్రం

మా ఆవిడ దగ్గర మాత్రం దాచలేకపోయాను. అయితే పది రోజులుగా వినపడని మనిషికి ఫోన్లు చేస్తున్నారన్నమాట అంది. నవ్వబోయి, నా మొహం చూసి మానేసింది.

ఫిబ్రవరి 5

ఆమె వచ్చింది.

కుర్చీని కిటికీకెదురుగా వేసుకున్నాను, వెలుగు మొహమ్మీద పడేలా. ముందు రాస్తాను. ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెడతాను. చదివేదాకా ఆగుతాను. అప్పుడు మాట్లాడతాను. ఆగినప్పుడల్లా డ్రైవరు కేక: సార్, ఉన్నారా, పోయారా? ఆగితే అతనికి ఏమీ లేదు, ఆగకపోతే ఆమెకి లేదు. ఒకరిని పట్టుకుంటే ఇంకొకరు జారిపోతున్నారు.

ఫిబ్రవరి 11

డ్రైవరు ఎగిరిపడ్డాడు. నేను బండి ఆపుకుని కూర్చుంటే మీరు మౌనవ్రతం పడితే ఎట్లా సార్, రేపట్నుంచి రాను అన్నాడు. ఎందుకాగుతున్నానో చెప్పలేను. మాటిచ్చాను కదా.

గ్రూపులో ఒక లైను వచ్చింది. దర్జీ అక్క: "సార్ ఆగేది నా కోసం. నాకు వినపడదు."

ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా అక్కా అన్నాడు డ్రైవరు. ఆమెకి వినపడదని వెంటనే తట్టినట్టుంది, అదే టైపు చేశాడు, ఆరు తప్పులతో. ఆ కిందే ఇంకోటి. నాకు బొమ్మ రాదు, నీకు మాట అందదు. సార్ ఆగినప్పుడు నువ్వు ఫొటోలో లెక్క మెట్టుమెట్టుగా టైపు చెయ్యి, అక్షరాలైతే నాకొస్తాయి, నేను పైకి చదువుతా.

నేను గంటలకొద్దీ తిరిగినా కనిపెట్టలేనిది.

మార్చి 9

ఆమె టైపు చేస్తుంది, అతను చదువుతాడు. ఎక్స్ స్క్వేర్‌ని "ఎక్స్ నెత్తిన చిన్న రెండు" అంటాడు. ఆయాకి వర్గ సమీకరణాలు ఆ చిన్న రెండుతోనే ఎక్కాయట.

పాఠం నెమ్మదించింది అన్నాడు కోఆర్డినేటరు. నెమ్మదించింది అన్నాను.

బల్ల కింద నా కాళ్ళు మాత్రం ఆగవు.

ఏప్రిల్ 18

పరీక్ష. ఇంట్లో ఉండలేక వీధి చివరిదాకా ఏడుసార్లు నడిచాను.

జూన్ 2

దర్జీ అక్కకి అరవై ఒకటి. ఆయా గట్టెక్కింది. డ్రైవరుకి ముప్ఫై ఒకటి, నాలుగు మార్కుల్లో పోయింది. అతని నంబరు నొక్కాను, కట్ చేశాను.

జూన్ 4

డ్రైవరుకి రేపట్నుంచి మళ్ళీ క్లాసు. చెప్పేది దర్జీ అక్క. నన్నూ రమ్మన్నారు. మ్యూట్‌లో ఉండాలట.