కిటికీ ముందు స్టాండు

ప్రియమైన అమ్మకు,

నీ చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఇద్దరం కులాసాయే. నువ్వూ, నీ మోకాళ్ళూ కూడా కులాసా అని తలుస్తాను.

వేళకి తింటున్నావా, మధ్యాహ్నం పడుకుంటున్నావా అని అడిగావు. తింటున్నాను, పడుకుంటున్నాను. ఈ ఇంట్లో నాకు అంతకుమించి పని లేదు. మీ అల్లుడి చెక్కపని ఎంతవరకు వచ్చిందనీ అడిగావు. చేపల తొట్టికి స్టాండు పూర్తయింది. ఇన్నాళ్ళూ ముందుగదిలో ఎక్కడ అడుగుపెట్టినా రంపపుపొట్టే. ఆఫీసు నుంచి వస్తూనే చిత్రిక పట్టడానికి కూర్చునేవారు. నీళ్ళ బరువుకి కుంగకూడదని కాళ్ళు నా రెండు చేతులకూ పట్టనంత లావు పెట్టారు. పైపలక మీద రసమట్టం ఉంచి, బుడగ నడుమకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. ముందు తలుపుల మీద తీగలూ పువ్వులూ చెక్కారు. ఒక పువ్వు క్యాబేజీలా వచ్చింది. నేను నవ్వానని ఇంకో రెండు రేకులు చెక్కి దాన్ని మరింత క్యాబేజీని చేశారు.

చూడముచ్చటగా ఉందమ్మా, కాదనను. కానీ అది నిలబడ్డది ఎక్కడనుకున్నావు? కిటికీ ముందు, నా కుట్టుమిషను ఉండే చోట. మిషను దగ్గర నేను కళ్ళు తిరిగి పడిపోయినప్పటి నుంచీ ఆయన నన్ను దాన్ని ముట్టుకోనివ్వలేదు. నువ్వూ వంతపాడావు. ఇప్పుడు దాన్ని అటకెక్కించేశారు. "ఇంక నీకా పాట్లెందుకు? చేపల్ని చూస్తూ హాయిగా కూర్చో," అన్నారు. గుమ్మం దాటితే "ఎక్కడికి?" కుర్చీ జరిపితే "నేను జరుపుతాగా!" అంత ప్రేమగా చూసుకునే మనిషికి వద్దని ఎలా చెప్పను?

నీకు దాచిన సంగతి ఒకటుంది, కోప్పడకుండా చదువు. నేను ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళివచ్చాను. ఒంటికి రక్తం పట్టింది, నిక్షేపంగా పని చేసుకోవచ్చు అంది. అప్పటి నుంచి, నడకకని చెప్పి, వెనకవీధి టైలరమ్మ ఇంట్లో బడిపిల్లల చొక్కాలు కుడుతున్నాను. మొగుడి కన్నుగప్పి చొక్కాలు కుట్టేదాన్ని ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నేనేమో! ఇప్పుడామె ఇల్లు మారి దూరం వెళ్ళిపోతోంది. చేతిలో ఉన్న పనంతా నన్ను తీసుకోమంది. ఆయనతో అనకుండానే సరేనన్నాను.

నిన్న ఆయనా, పక్కింటాయనా కలిసి తొట్టిని స్టాండు మీదికి ఎక్కించారు. పక్కింటాయన వెళ్ళగానే ఈయన బకెట్టు ఎత్తారు. ఒకసారి నింపితే ఇక కదపకూడదని ఆయనే చెప్పారు.

"నీళ్ళు పోయకండి," అన్నాను.

"ఏం, కారుతోందా?"

"లేదు. అక్కడ నా మిషను కావాలి."

డాక్టరమ్మ మాటా, టైలరమ్మ ఇంటి సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన బకెట్టు దించలేదు, పోయలేదు.

"ఇన్నాళ్ళూ నేను చేస్తుంటే ఒక్క మాటైనా అనలేదేం?"

"ఏ రంగు వేయమంటావని అడిగారు. పిడి ఏది పెట్టమంటావని అడిగారు. కావాలా అని అడిగారా?"

బకెట్టు కింద పెట్టి, స్టాండుకి ఆనుకుని కూలబడ్డారు. "నువ్వు పడ్డ చప్పుడు నాకింకా వినిపిస్తూనే ఉంది. పెరట్లో చెంబు పడినా గుండె ఆగిపోతుంది. నన్నేం చేయమంటావు?" అన్నారు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఈ పొద్దున తొట్టి దించి, ఇద్దరం స్టాండును లోపలి గోడవైపు జరిపాం. మిషను దించమంటే "రేపు చూద్దాంలే" అన్నారు. ఆ రేపు ఎప్పటికీ రాదని నాకు తెలుసు. స్టూలు వేసుకుని నేనే ఎక్కాను. "దిగు, పడతావు," అన్నారు. దిగలేదు. చివరికి వచ్చి స్టూలు పట్టుకున్నారు. మిషను తలని కిందికి అందించాను. రెండు చేతులా అందుకున్నారు.

నాకు తోడుగా వచ్చి ఉంటానన్నావు. తప్పకుండా రా. చేతిలో గుడ్డ లాక్కోవడానికైతే మాత్రం రావద్దు. కాజాలు కుట్టడానికి ఒక మనిషి కావాలి.

ఇట్లు,
పనిలో పడ్డ
నీ చిన్నకూతురు